నాలుగో గీత

ఈ ఆపరేటరమ్మ నన్ను కావాలనే కూర్చోబెడుతోంది, నాకు తెలుసు. భోజనం కూడా చేయకుండా వచ్చి బొంబాయికి అర్జెంటు ట్రంకుకాలు అని రాయించాను, నా వెనకాల వచ్చిన సేలం వాళ్ళకి, మొగుడూ పెళ్ళామూ ఇద్దరు పిల్లలూ, అందరివీ చందనం పూసిన కొత్త గుండ్లు, వాళ్ళకి ముందు లైను కలిసింది. దర్శనం బాగా అయిందని, లడ్లు తెస్తున్నామని తిరుపతి మొత్తానికి వినపడేలా అరవంలో అరిచి చెప్పుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను మాత్రం ఈ బల్ల మీద. లేచి వెళ్ళి అడిగితే "బొంబాయి లైను దొరకడం లేదు సార్, వాన గదా" అంటుంది తల ఎత్తకుండా. వాన ఇక్కడ పడుతుంటే సేలం లైను ఎలా దొరికింది? తల ఎత్తకుండా చెప్పే మాట నేను నమ్మను. తల ఎత్తి చెప్పేవే సగం నమ్మను. మీరు పాలవాణ్ణి నమ్మరు, బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లర నమ్మరు, కూరలో ఉప్పు వేశానంటే నమ్మక గరిటెతో నాలుక మీద వేసుకుని చూస్తారు అని మా అలివేలు ముప్పూటలా దెప్పుతుంది. చూస్తాను మరి. చూసినందుకు ఏనాడూ నష్టపోలేదు, చూడనందుకే అందరూ నెత్తిన చేతులు పెట్టుకుంటారు. కానీ ఇవాళ చూసిందాన్ని ఏం చేయాలో తెలియడం లేదు, ఛ, అదే చిక్కు. గీత నా కళ్ళ ముందు ఉంది. గీత నిజమా, గీత అబద్ధమా, అది తేలకుండా ఫోనులో ఏం చెప్పాలి?

బల్లకి ఆ చివర మా మరదలు మునిలక్ష్మి కూర్చుని ఉంది, మా తమ్ముడు ధనంజయ భార్య, ఒళ్ళో వైరు బుట్ట పెట్టుకుని, వాన వైపు చూస్తున్నట్టు నటిస్తూ నన్నే చూస్తోంది. పొద్దున్నే ముసురులో చిత్తూరు నుంచి బస్సు దిగింది. ఏమమ్మా ఇంత పొద్దున అంటే "ఊరికే బావా, అక్కని సూసి పోదామని" అంది. ఊరికే ఎవరూ ఇలాంటి వానలో బస్సెక్కరు. రేడియోలో విని ఉంటుంది, అరేబియా సముద్రంలో వాయుగుండం అని. నేను గొడుగు తీసుకుని బయల్దేరగానే తనూ చెప్పులు వేసుకుంది. "యాడికి బావా ఫోను?" "బొంబాయికి. ఊరికే, బాగోగులు కనుక్కుందామని." తనూ ఊరికే అంది, నేనూ ఊరికే అన్నాను, ఒకరినొకరం నమ్మలేదు. పైగా నాకు ఇంకో అనుమానం, వాడే పంపించాడేమో ఈమెని, మా అన్న ఏం కనిపెట్టాడో చూసి రాపో అని. వాడు మొన్న దీపావళి వెళ్ళాక సెలవు మీద వచ్చి పోయాడు, మా ఇంట్లో ఒక పూట తిన్నాడు, అంతా బాగుందా అంటే "బాగుండాదన్నా" అని పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. పళ్ళెంలోకి చూస్తూ ఎందుకు చెప్పాలి? బాగున్నవాడు ముఖంలోకి చూసి చెప్పచ్చు గదా.

వాడుండేది బొంబాయిలో కాదు. బొంబాయి నుంచి ఒడ్డు కనపడనంత దూరం సముద్రంలోకి పోతే అక్కడ, నీళ్ళ మధ్యలో, నాలుగు ఇనుప కాళ్ళ మీద నిలబడిన నూనె ప్లాట్‌ఫాం మీద. మా అమ్మకి వివరించి వివరించి నా గొంతు ఎండిపోతే "అంటే మంచె గదరా" అని తేల్చేసింది. మంచే. జొన్నచేలో పిట్టల్ని తోలే మంచె, కాకపోతే దీని మీద నలభై మంది తింటారు, నిద్రపోతారు, సముద్రం అడుగు నుంచి నూనె తోడతారు. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు మంచె. అమ్మ మాఘమాసంలో పోయింది. ఏడాది తిరగలేదు, ఈసారి మా గడపకి మామిడాకు కట్టలేదు, ఉగాది పచ్చడి లేదు. అమ్మ బతికుంటే ఈపాటికి నన్ను చెవి పట్టుకుని అడిగేది, ఏందిరా పరంధామా, చిన్నోడికేమయింది, నీ మొకం ఏందిరా అట్లుండాది అని. అమ్మకి మాత్రం నేనేదీ దాచలేను, ఆ అనుమానపు చూపు నాకు ఆమె నుంచి వచ్చిందే. మంచె మీద నుంచి దిగాలంటే హెలికాప్టరే. ఒక్క ట్రిప్పుకి పదిమందిని మించి మోయదు, గాలి ముదిరితే ఎగరనే ఎగరదు. సాయంత్రానికి గాలి ముదురుతుందని రేడియో చెప్పింది. రేడియోని కూడా నేను నమ్మను గానీ, తుఫాను విషయంలో అది తక్కువ చేసి చెప్తుందే తప్ప ఎక్కువ చేసి చెప్పదు.

ఆ మంచె గట్టిగా ఉందా లేదా అని తిరుపతిలో కూర్చుని కనిపెట్టేది నేను. ఈ పని బొంబాయి కంపెనీ వాళ్ళు మా కాలేజీకి ఇచ్చినప్పుడు తోటి లెక్చరర్లు తెగ నవ్వారు, నువ్వు సముద్రం చూడాలంటే నాయుడుపేట దాటి పోవాలి గదయ్యా, నీకు అరేబియా సముద్రమా అని. నవ్వనీ. విషయం చాలా చిన్నది. నిలబడిన ప్రతిదానికీ ఒక ఊపు ఉంటుంది, అది దాని సొంతం. అల వచ్చి తగిలితే మంచె ఊగుతుంది, కంటికి కనపడదు, కానీ ఎప్పుడూ ఒకే తీరు. లోపల ఎక్కడో ఇనుము చీలిందనుకో, అతుకు విడిందనుకో, ఊపు మందగిస్తుంది. అమ్మ కాళహస్తిలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేది, కుండలమ్మే ఆమె పగుల్లేదు తల్లీ నా బిడ్డల మీద ఒట్టు అని మొత్తుకుంటున్నా సరే, తట్టి, విని, పక్కన పెట్టేసి, ఇంకోటి తట్టేది. నేను ఇంత చదువు చదివి చేస్తున్నదీ ఆ పనే. కాలికి ఒకటి చొప్పున నాలుగు సెన్సార్లు బిగించారు, పిడికిలంత ఉంటాయి, అలలు తాకని ఎత్తులో, నిచ్చెన దిగితే చేతికి అందేలా. అక్కడివాళ్ళు వాటిని డబ్బాలంటారు. అవి ఊపుని వింటాయి, తీగల గుండా పైన గదిలో టేపు మీదికి పంపుతాయి, టేపు పార్సిల్లో నా దగ్గరికి వస్తుంది, నేను మిషన్లో పెడితే కాగితం మీద నాలుగు గీతలు. ఉప్పు పట్టకుండా తుడవడానికి ఒక్కో డబ్బాని ఒక్కో మనిషికి అప్పజెప్పారు. నాలుగో డబ్బా మావాడిది. ఇప్పుడు చెడిందీ నాలుగో గీతే.

దసరా నుంచి. అంతకుముందు ఏ వంకా లేదు. దసరా నాటి మధ్యాహ్నం నాలుగు గీతలూ ఒక్కసారిగా ఆగిపోయాయి, టేపు ఖాళీ, సాయంత్రానికి మళ్ళీ మొదలయ్యాయి. ఆ తర్వాత మూడు గీతలు ఎప్పటిలాగే ఉన్నాయి, నాలుగోది మందగించడం మొదలుపెట్టింది, వారం వారం ఇంకాస్త, ఇంకాస్త. ముందు నా మిషన్‌ని అనుమానించాను, విప్పి బిగించాను, నాలుగో గీత గీసే ములికిని ఒకటో గీతకి మార్చి చూశాను, రోగం ములికిలో లేదు, టేపులోనే ఉంది. బొంబాయికి రాశాను. పైన సామాను బరువు పెరిగి ఉంటుంది, అందుకే ఊపు మారింది అని జవాబు. బరువు పెరిగితే నాలుగు గీతలూ మారాలి గదయ్యా, ఒక్కటే ఎందుకు మారుతుంది అని మళ్ళీ రాశాను. డబ్బా వదులై ఉంటుంది, చూస్తాం అన్నారు. చూస్తాం అంటే చూడం అని. నూనె ఆగితే వాళ్ళకి గుండె ఆగుతుంది. సరే, వాళ్ళ సంగతి అలా ఉంచు, డబ్బా వదులవడం అనేది నన్ను పట్టుకుంది. ఎందుకంటే వదులు అంటే నాకు మావాడే గుర్తొస్తాడు. వాడు బిగించిన సైకిలు చెయిను మలుపులో ఊడుతుంది, వాడు కట్టేసిన కొళాయి రాత్రంతా కారుతుంది, వాడు ముడేసిన మూట బస్సు టాపు మీద విప్పుకుంటుంది. దసరా నాడు ఏదో చేశారు, టేపు ఆపి మరీ చేశారు, చేసి మావాడు తన డబ్బాని వదులుగా బిగించాడు, అది రోజురోజుకీ ఇంకా వదులవుతోంది, అందుకే గీత. అలా అనుకుంటే అన్నీ సరిపోతాయి. అలా అనుకోవాలనీ ఉంది.

వాణ్ణి అనుమానించడం నాకు కొత్త కాదు. నా రిస్టువాచీ పోయినప్పుడు వాడేనని నాకు అనిపించింది, కాదంటాడు, అవునని నేను, చివరికి కాణిపాకం తీసుకుపోయాను. అక్కడ అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా జిల్లాలో పసిపిల్లకి కూడా తెలుసు. తడిబట్టలతో నిలబడి, పళ్ళు టకటకలాడుతూ, నేను తీయలేదు అని ప్రమాణం చేశాడు, చేసి నా వైపు తిరిగి "ఇప్పుడు నమ్మినావా అన్నా" అన్నాడు. చూద్దాం అన్నాను. వాచీ ఇప్పటికీ దొరకలేదు, నేనింకా చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత వాడు నాకేదైనా చెప్పేటప్పుడు ముందు కొంచెం తడబడతాడు, ఏది చెప్తే నేను ఏమంటానో అని లెక్క వేసుకుంటున్నట్టు. అయినా వాడికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనేగా, బొంబాయి ఆఫీసులో ఉండే గూడూరాయన తిరుమలయ్య గారిని బతిమిలాడి, మావాడు బుద్ధిమంతుడండీ అని నా నోటితోనే చెప్పి. ఇప్పుడు ఫోను కలిస్తే అవతల ఎత్తేది ఆయనే. మంచె మీద ఎవరుండాలో ఎవరు దిగాలో ఆయన మాట.

ఫోను కలిస్తే ఏం చెప్తాను? దించేయండి అంటాను. నలభై మందీ దిగుతారు, నూనె ఆగుతుంది, గాలి వచ్చి పోతుంది, మంచె చెక్కుచెదరకుండా అక్కడే నిలబడి ఉంటుంది, రేపు ఎవడో నిచ్చెన దిగి స్పానరు పెట్టి రెండు తిప్పులు తిప్పితే గీత సరిపోతుంది. అప్పుడు మావాడి ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది, పోతే పోయింది, అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది, ఇంకెప్పుడూ ఆ గీతల్ని ఎవరూ నమ్మరు, నిజంగా కాలు విరిగే రోజున కూడా. చెప్పకపోతే? చెప్పకపోతే సాయంత్రానికి అలలు లేస్తాయి, మంచె కొట్టుకుంటుంది, నేను ఇంట్లో రేడియో దగ్గర కూర్చుని... నాకు భయంగా ఉంది. చెప్పుకుంటే సిగ్గు. మునిలక్ష్మికి కనపడిందేమో. ఆమె ఇటు జరిగి కూర్చుంది.

"బావా, ఏందో దాస్తా ఉండావు నువ్వు."

"నేనేం దాస్తాను? దాచేది మీ ఆయన. దసరా నాడు ఆ మంచె మీద ఏం చేసినారు?"

ఆమె ముఖంలో రంగు మారడం చూశాను. చూశానా, పట్టేశాను అనుకున్నాను. బుట్ట పిడిని ఒకసారి తిప్పింది, రెండుసార్లు తిప్పింది. "నీకెవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పినార్లే. నువ్వు చెప్పు."

"తిట్టనని చెప్పు ముందర."

"తిట్టను. చెప్పు తల్లీ."

"ఏముండాది బావా, ఆయుధపూజ చేసుకున్నారంట. ఆడ పనిచేసేటోళ్ళల్లో శానామంది మనోళ్ళూ అరవోళ్ళే గదా. మునస్వామి అని వెల్డింగాయనంట, ఆర్కాటు తట్టు, ఆయనే పెద్ద. పనిముట్లకి పూజ సెయ్యకపోతే చేతులు తెగుతాయి అన్నాడంట. పైగదిలో టేపుతో సహా మిషన్లన్నీ ఆపేసి, స్పానర్లూ సుత్తులూ గొలుసులూ అన్నీ కడిగి, బొట్లు పెట్టి, బొరుగులు పంచుకున్నారంట. ఆ డబ్బాల్ని గూడా వదల్లేదంట, అవీ మనకి కాపలా కాసే పనిముట్లే గదా అని విప్పి పైకి తెచ్చి, పసుపు పూసి, బొట్టు పెట్టి, మళ్ళా యథాపకారం బిగించేసినారంట. నూనె కాడ అగ్గి అంటించకూడదంటనే, కర్పూరం లేకుండా బ్యాటరీ లైటుతో హారతి ఇచ్చినారంట బావా!" నవ్వింది, నవ్వి వెంటనే నోరు మూసుకుంది. "నీకు చెప్పొద్దన్నాడు. డబ్బాల్ని విప్పినారని తెలిస్తే మా అన్న నన్ను ముక్కలు ముక్కలు చేస్తాడు అన్నాడు."

ముక్కలు చేస్తాను, చేయనా మరి, ఓరి మీ పూజ తగలెయ్య, విప్పకూడదని ఎర్ర అక్షరాలతో రాసి పంపిస్తే, పసుపు పూస్తారా, సెన్సారుకి బొట్టా! కానీ కోపం కంటే ముందు వచ్చింది వేరే ఏదో, ఛాతీ మీద కూర్చున్న బండ పక్కకి దొర్లినట్టు, ఊపిరి, హాయి. అన్నీ సరిపోయాయి. టేపు ఖాళీ అందుకే. పళ్ళెంలోకి చూస్తూ మాట్లాడింది అందుకే. గీత వంకర పోయింది అందుకే, మావాడు యథాప్రకారం బిగించడం అంటే ఎలా ఉంటుందో నాకు తెలియదా. కాలికేమీ కాలేదు. ఇనుము ఇనుములా ఉంది. రాత్రి వాయుగుండం వచ్చి పోతుంది, వాడు దుప్పటి ముసుగు పెట్టి నిద్రపోతాడు, రేపు నేను జాబు రాస్తాను, ఒరే వెధవా, నాలుగో డబ్బా బిగించి చావు అని. ఆకలి కూడా వేసింది. లేచాను, కౌంటరు దగ్గరికి నడిచాను, కాలు క్యాన్సిలు చేయమ్మా అందామని నోరు తెరిచాను కూడా, ఆపరేటరమ్మ మొదటిసారి తల ఎత్తి చూసింది. అప్పుడు నా పాడు బుద్ధి ఊరుకోలేదు. ఉప్పు వేశానంటే గరిటెతో చూసే బుద్ధి. వెనక్కి తిరిగి అడిగాను.

"మునిలక్ష్మీ, వాడి డబ్బాని విప్పింది వాడేనా, ఇంకెవురన్నానా?"

"ఆయన డబ్బాని యాడ విప్పినారు బావా? ఆయన పూజలో కూర్చోనే లేదు గదా." ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "అత్త పొయ్యి ఏడాది కాలేదు. మనకి పండగ యాడుండాది? నా సామాన్లు ముట్టుకోవద్దండి, మాకు ఈ ఏడు లేదు అని ఆయన పక్కన నిలబడినాడంట. స్పానరూ ఇయ్యలేదు, డబ్బా గూడా ఇయ్యలేదు. తక్కిన మూడిటికే చేసినారు."

ఎవరి పనిముట్లు వాళ్ళవి. పండగ లేనివాడి పనిముట్టుకి బొట్టు పెట్టరు. అమ్మ పోయిన ఇంటివాణ్ణి నేను, గడపకి మామిడాకు కట్టనివాణ్ణి నేను, నాకు తట్టలేదు. విప్పి బిగించిన మూడు డబ్బాల గీతలూ శుభ్రంగా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోనిది ఒక్కటే ఒక్కటి, అదే మారుతోంది. కౌంటరు అంచు పట్టుకున్నాను. అయినా, అయినా, ముట్టుకోకపోయినా దానంతట అదే వదులు కావచ్చు గదా, ఉప్పుగాలి, అదురు, మావాడి బద్ధకం... "వాడు దాన్ని తుడుస్తాడా అసలు? బిగువు చూస్తాడా?" అని అడిగాను.

"దినామూ సూస్తాడు బావా. నట్టు మీదా పక్కన ఇనుము మీదా కలిపి ఎర్రరంగు గీసినాడంట, వెంట్రుకవాసి కదిలినా రంగు పగిలి తెలిసిపోతాదంట. మొన్న పొయ్యేటప్పుడు గూడా అన్నాడు, రంగు ఎట్లుండేది అట్లే ఉండాది, మా అన్న ఒక దినం అడగతాడు, ఆ దినం చెప్పాల గదా అని." ఆగింది. "ఎందుకు బావా ఇవన్నీ? ఏమయింది?"

నేను అడగలేదు. వాడు రంగు గీసుకుని నేను అడిగే రోజు కోసం ఎదురు చూస్తూ ఉన్నాడు, నేను నా ఇంట్లో, నా పీట మీద, నా పక్కన కూర్చుని తింటున్నవాణ్ణి అడగకుండా లోలోపల తిట్టుకుంటూ కూర్చున్నాను. డబ్బా వదులు కాలేదు. బరువు పెరగలేదు. మిషన్ చెడలేదు. దసరా పూజతో దీనికి సంబంధమే లేదు. అనుమానించడానికి ఇంకేం మిగిలింది? కాలు మిగిలింది. నాలుగో కాలు, నీళ్ళ కింద ఎక్కడో, ఏ అడ్డదూలమో అతుకు దగ్గర విడిచిపెడుతోంది, వారం వారం ఇంకాస్త, ఇవాళ దాని మీదికి తుఫాను వస్తోంది. మునిలక్ష్మి నా ముఖం చూసి నిలబడింది, ఒళ్ళో బుట్ట జారి కింద పడింది, తీసుకోలేదు.

"తిరుపతి పరంధామయ్య! బొంబాయి, రెండో బూతు, మాట్లాడండి!"

బూతు తలుపు పడదు, వానకి ఉబ్బింది. మునిలక్ష్మి ఆ తలుపు పక్కనే వచ్చి నిలబడింది. ఫోనులో సముద్రం హోరు లాంటి చప్పుడు, దాని అడుగున ఎక్కడో తిరుమలయ్య గారు.

"చెప్పండి సార్, తొందరగా, ఇక్కడ గాలి లేస్తోంది."

"నాలుగో కాలు విడిపోతోంది! మంచె మీద... ప్లాట్‌ఫాం మీద ఎవరినీ ఉంచకండి! దించేయండి!"

"డబ్బా వదులని మావాళ్ళు తేల్చారు గదా సార్."

"వదులు కాలేదు! నట్టు కదల్లేదు, రంగు గీసి చూశారు, గీత నిజం!"

"ఎవరు చూశారు?"

"మా తమ్ముడు!"

లైను పోయిందనుకున్నాను.

"సార్, తప్పుగా అనుకోకండి." ఇప్పుడు ఆయన గొంతు మెత్తబడింది, ఆ మెత్తదనం నాకు బాగా తెలుసు, ఎదుటివాడి అబద్ధాన్ని పట్టేశానని అనుకున్నప్పుడు నా గొంతు కూడా అలాగే మెత్తబడుతుంది. "మీ తమ్ముడు అక్కడ ఉన్నాడు, తుఫాను వస్తోంది, భయం ఎవరికైనా పుడుతుంది. నా తమ్ముడైతే నేనూ ఇలాగే ఫోను చేసేవాణ్ణి. గీతా గీతా అని చెప్పక్కర్లేదు నాకు. ఒక పని చేస్తాను, సరుకు దించడానికి హెలికాప్టరు ఎటూ పోతోంది, ఒంట్లో బాగాలేదని రాసుకుని ఆ అబ్బాయిని ఒక్కణ్ణి తెప్పించేస్తాను. ఎవరికీ తెలియదు. తక్కినవాళ్ళ సంగతి గాలి తగ్గాక చూద్దాం. సరేనా?"

సరే అంటే చాలు. ఒక్క మాట. వాడు చీకటి పడే లోపల ఒడ్డున ఉంటాడు, రేపు మా ఇంట్లో నా పక్కన కూర్చుని తింటాడు, నేను అడుగుతాను ఎర్రరంగు ఎలా ఉందిరా అని. సరే అన్న క్షణాన ఈయన అనుకున్నది నిజమైపోతుంది, నేను ఫోను చేసింది తమ్ముడి కోసమే అయిపోతుంది, గీత మళ్ళీ అబద్ధమైపోతుంది, పూజ చేసిన మునస్వామీ, బొరుగులు పంచుకున్న తక్కినవాళ్ళందరూ రాత్రికి అక్కడే ఉంటారు. ఈయన నన్ను నమ్మడు. నేనైనా నమ్మను. నా స్థానంలో ఎవడున్నా, తమ్ముణ్ణి కాపాడుకోడానికి కథ అల్లుతున్నాడనే అనుకుంటాను. అలా అనుకోవడానికి వీల్లేకుండా చేయాలంటే ఏం చెప్పాలో నాకు తెలిసింది. తెలిసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తలుపు అవతల మునిలక్ష్మి ఊపిరి వినపడుతోంది.

"వద్దు!" అని అరిచాను. "వాణ్ణి ముందు దించకండి. ముందు తక్కినవాళ్ళని దించండి, అందరూ దిగాక ఆఖరి ట్రిప్పులో వాణ్ణి ఎక్కించండి! నా మాటగా రాసుకోండి, వినపడుతోందా? మా తమ్ముడు ఆఖర్న! అప్పుడు నమ్ముతారా?"

"ఆఖరి ట్రిప్పు ఎగరకపోవచ్చు సార్."

"తెలుసు!"

ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి పక్కన ఎవరికో హిందీలో ఏదో గట్టిగా చెప్పాడు, మళ్ళీ దగ్గరికి వచ్చి "పిలుస్తున్నాను, హెలికాప్టర్ని పిలుస్తున్నాను, పెట్టేయండి" అన్నాడు. పెట్టేశాను. పెట్టేశాక కూడా ఫోనుని పట్టుకునే ఉన్నాను. వెనక్కి తిరిగితే మునిలక్ష్మి ఏడవడం లేదు. అలా చూస్తోందంతే.

"ఆఖరి ట్రిప్పు ఎగురుతాదా బావా?"

"ఎగురుతాది" అన్నాను. ఆమె ముఖంలోకి చూసే చెప్పాను. నా జన్మలో ఎదుటి మనిషి నన్ను నమ్మితే బాగుండునని ఇంతగా కోరుకోలేదు, దేవుడా, ఈ ఒక్కసారికి నమ్మనీ అనుకున్నాను.

ఆమె నమ్మలేదు. కొంగు బొడ్లో దోపుకుని కౌంటరు దగ్గరికి పోయి, బొంబాయికి, ఇప్పుడు నేను మాట్లాడిన నంబరుకే, ఇంకొక అర్జెంటు కాలు రాసుకోమని, ఈసారి తన పేరు మీద రాసుకోమని ఆపరేటరమ్మకి చెప్పింది.